లెక్కలో లేని రెండు వందల పద్నాలుగు మంది

శ్రీశైలం అన్నకు ఒక ఉత్తరం కావాలి. మూడు వారాలుగా అడుగుతున్నాడు. గైడు గౌస్ సార్ "రాస్త తియ్యి" అంటున్నారు గానీ రాయడం లేదు.

ఉత్తరమంటే సిఫారసు ఉత్తరం. ఢిల్లీలో ఒక పరిశోధనా సంస్థ రాజనీతిశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లకు ఆరు నెలల శిక్షణ ఇస్తుంది. దేశం మొత్తం మీద పద్దెనిమిది మందిని తీసుకుంటారు. సర్వే ఎలా చేయాలి, వచ్చిన అంకెల్ని ఎలా చదవాలి, వ్యాసం ఎలా రాస్తే పత్రికలవాళ్లు తిప్పి పంపరు, అన్నీ దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పుతారు. అక్కడికి వెళ్లి వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చేస్తుందని కాదు. కానీ ఇంటర్వ్యూలో మనిషిని చూసే చూపు మారుతుంది. ఒక్కో విభాగం నుంచి ఒక్క పేరే పంపాలి. వయసు ముప్పై దాటకూడదు. శ్రీశైలం అన్నకు జూన్‌లో ముప్పై నిండుతాయి. అప్పుడు మార్చి నెల.

అంటే అన్నకు ఇదే ఆఖరు అవకాశం. దరఖాస్తు, పరిశోధనలో ఒక అధ్యాయం, గైడు ఉత్తరం, మూడూ కలిపి శనివారం సాయంత్రం నాలుగింటికల్లా విభాగం ఆఫీసులో ఇవ్వాలి. మొదటి రెండూ నెల కిందటే సిద్ధం. మూడోదే సార్ దగ్గర ఆగింది.

నేను అప్పటికి చేరి రెండు నెలలే. పేరు బాలమణి. రీసెర్చ్ స్కాలర్లందరిలో చిన్నదాన్ని, సెమినార్ హాల్లో ఏ స్విచ్చు నొక్కితే ఏ ఫ్యాను తిరుగుతుందో కూడా తెలియనిదాన్ని. నాకు ఇద్దరూ గొప్పవాళ్లే. ఇప్పుడు నేనూ ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, పిల్లల్ని ట్రైనింగులకు తోలుతున్నాను. వాళ్లను బస్సెక్కించిన ప్రతిసారీ ఆ వారం గుర్తుకొస్తుంది.

అన్న సంగతి ముందు చెప్పాలి. అన్న దగ్గర ఒక లావుపాటి ఫైలుండేది. అందులో ప్లాస్టిక్ కవర్లలో ముప్పై నాలుగు సర్టిఫికెట్లు. నవ్వకండి. ఈ రోజుల్లో కెమెరా ఆపేసి మూడు గంటలు నిద్రపోయినా సర్టిఫికెట్ మెయిల్లో వచ్చి పడుతుందని నాకూ తెలుసు. అలాంటివి నా దగ్గరా ఐదున్నాయి, అబద్ధమెందుకు. కానీ అన్నవి అలాంటివి కావు. పుణె వెళ్లినా, తిరువనంతపురం వెళ్లినా జనరల్ బోగీలో నిలబడి వెళ్లి, అక్కడ మొదటి వరసలో కూర్చుని నేర్చుకున్నవి. తల్లిదండ్రులు ముంబైలో కూలి చేసి చదివించిన మనిషి. ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటివాడు. పన్నెండు వందల మందిని సర్వే చేసి, ఆ అంకెల్ని కంప్యూటర్లో తానే రాసుకున్న ప్రోగ్రాంలో వేసి, గ్రామాల్లో రాజకీయ అవగాహన మీద పరిశోధన చేస్తున్నాడు. మా హాస్టల్లో ఎవరికి అంకెలతో తంటా వచ్చినా అన్న గది తలుపే కొట్టేవాళ్లు.

గర్వం కూడా ఉండేది. క్యాంటీన్లో టీ తాగుతూ ఒకసారి అన్నాడు: "సార్ బంగారమసొంటి మనిషి. కానీ పాత కాలపోడు. ఒక్క ఊర్ల రెండేండ్లు కూసొని నలభై మందితోని మాట్లాడి పీహెచ్‌డీ చేసిండు. నలభై మంది! నా దగ్గర పన్నెండు వందల మందున్నరు." అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇక సార్. గౌస్ మొహియుద్దీన్ సార్‌కు అప్పటికి అరవై ఒకటో ఏడు. ఎక్కడైనా వర్క్‌షాప్ ఉందని సర్క్యులర్ వస్తే మిగతా ప్రొఫెసర్లు నోటీసు బోర్డుకు గుచ్చమంటారు. సార్ దాన్ని జేబులో పెట్టుకుని లైబ్రరీలో, హాస్టల్ మెట్ల మీద, చివరికి మెస్సు క్యూలో మమ్మల్ని వెతికేవారు. "ఇది నీకు పనికొస్తది, రాయి" అనేవారు. రాస్తే ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చేవారు. నా మొదటి దరఖాస్తులో నా వాక్యాలకంటే సార్ ఎర్ర గీతలే ఎక్కువ. ఎక్కడా ఒక్క కోపం మాట లేదు.

ఇంకొకటి చెబితే మీరు నమ్మరు. శ్రీశైలం అన్న జూనియర్లకు సర్వే సాఫ్ట్‌వేర్ నేర్పుతానని నాలుగు రోజుల క్లాసు పెట్టాడు. మొదటి రోజు వెళ్లేసరికి చివరి బెంచీలో సార్ కూర్చుని ఉన్నారు. ముందు నోటుబుక్కు, కళ్లద్దాలు నుదుటి మీదికి. నాలుగు రోజులూ వచ్చారు. "శ్రీశైలం, ఆ బటనేదో మళ్లొకసారి చూపియ్యి, నాకు ఎక్కలేదు" అని అడిగారు. అన్న చూపించాడు. ఆఖరి రోజు హాజరు పట్టీలో మా అందరి కింద సార్ సంతకం. శిష్యుడి దగ్గర కూర్చుని, అర్థం కాలేదని నోరు తెరిచి చెప్పి నేర్చుకున్న ప్రొఫెసర్‌ను అంతకు ముందు నేను చూడలేదు. తర్వాతా చూడలేదు.

మా విభాగంలో ప్రతి గురువారం ఒక చదువు ఉండేది. సార్ పెట్టిన పద్ధతి. ఒక స్కాలర్ తన వ్యాసం చదవాలి. చదివాక మొదటి ప్రశ్న అందరికంటే కొత్తగా చేరినవాళ్లు అడగాలి. ఆ తర్వాత వాళ్లకంటే పెద్దవాళ్లు, ఆ తర్వాత ఇంకా పెద్దవాళ్లు. సార్ వంతు అన్నిటికంటే ఆఖరు. ఎందుకిలా అని ఎవరో అడిగితే, "పెద్దోళ్లు ముందడిగితే చిన్నోళ్లకు ప్రశ్నలు మిగలవు" అన్నారట.

ఆ గురువారం అన్న వంతు. శనివారం దరఖాస్తుతో పంపబోయే అధ్యాయమే చదివాడు. ఢిల్లీలో ఇంటర్వ్యూ చేసేవాళ్ల ముందు ఎలా మాట్లాడాలో అలాగే, ఇస్త్రీ చొక్కాతో, గోడ మీద తెర వేసి, గడియారం చూసుకుని ఇరవై నిమిషాల్లో ముగించాడు. గ్రామాల్లో రాజకీయ అవగాహన డెబ్బై ఎనిమిది శాతానికి చేరిందని తేల్చాడు. చప్పట్లు కొట్టాం. అంత చక్కగా చదివిన వ్యాసం నేను అప్పటిదాకా వినలేదు, ఆ మాట ఇప్పుడూ అంటాను.

తర్వాత అందరూ నా వైపు చూశారు.

నాకు గణాంకాలు రావు. కూడికలు మాత్రం వచ్చు. "అన్నా," అన్నాను లేచి నిలబడి, "మొదట్ల పన్నెండు వందల మందిని అడిగినమని ఉన్నది. పట్టికల తొమ్మిది వందల ఎనభై ఆరే ఉన్నరు. రెండు వందల పద్నాలుగు మంది ఎటు పోయిన్రు?"

అన్న నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్ల అడిగితే నవ్వినట్టు. "పన్నెండు ప్రశ్నలల్ల ఎనిమిది, అంతకు మించి తెలియదు అని చెప్పినోళ్ల ఫారాలు చెల్లవు బాలమణీ. వాటితోని లెక్క పాడైతది. ప్రోగ్రామే తీసేస్తది. ట్రైనింగ్‌కు పోతవు గద, నీకూ నేర్పుతరు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నేను కూర్చున్నాను. చెవులు వేడెక్కిపోయాయి. ఆ తర్వాత ఎవరెవరు ఏమడిగారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు.

ఆఖరుకు సార్ వంతు వచ్చింది. సార్ కళ్లద్దాలు సర్దుకున్నారు.

"ఆ రెండు వందల పద్నాలుగుల ఆడవాళ్లెందరు?"

అన్న కీబోర్డు మీద రెండు మీటలు నొక్కాడు. తెర మీద అంకె వచ్చింది. నూట డెబ్బై ఒకటి.

సార్ ఆ అంకె చూశారు. లేచి, హాలు తలుపు దగ్గరికి నడిచి, గడప మీద కూర్చున్నారు. మోకాలు నొప్పి మనిషి. తలుపు పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"నేను మా ఇంటి ముందర కూసున్న. నువ్వు సర్వేకు వచ్చినవు. నువ్వెట్ల అడుగుతవో చూపియ్యి."

అందరం కుర్చీలు తిప్పుకున్నాం. శ్రీశైలం అన్నకు హుషారు వచ్చింది. ఫారం చేతిలోకి తీసుకుని సార్ ముందు నిలబడ్డాడు. ల్యాప్‌టాప్ దగ్గర నన్ను కూర్చోమన్నాడు, జవాబులు నేను ఎక్కించాలి.

"నమస్కారమండీ. యూనివర్సిటీ నుంచి వచ్చినం. చిన్న సర్వే. ఐదు నిమిషాలు మాత్రమే."

సార్ తలెత్తి చూశారు.

"మీ గ్రామ పంచాయతీలో ఎన్ని వార్డులు ఉన్నాయి?"

"తెల్వదు బిడ్డా."

హాల్లో నవ్వులు. పంచాయతీరాజ్ మీద ముప్పై రెండేళ్లు పాఠం చెప్పిన మనిషి.

"గ్రామసభ సంవత్సరానికి ఎన్నిసార్లు జరగాలి?"

"తెల్వదు."

"మీ నియోజకవర్గ శాసనసభ్యుడి పేరు?"

"తెల్వదు బిడ్డా."

ఐదో ప్రశ్నకు అన్న నవ్వుతూ ఆగాడు. "సార్, నిజంగ చెప్పున్రి సార్. డెమో కదా."

"తెల్వదనే రాయమను బాలమణిని," అన్నారు సార్. గొంతు మారలేదు. ఇంటి ముందు కూర్చున్న మనిషి గొంతే.

పన్నెండు ప్రశ్నలు. పన్నెండు సార్లు తెల్వదు. ఏడో ప్రశ్న దాటాక నవ్వులు ఆగిపోయాయి. అన్న గొంతులో కూడా హుషారు తగ్గింది, ప్రశ్నలు గబగబా చదివేశాడు. నేను ఆఖరు జవాబు ఎక్కించి మీట నొక్కాను. గోడ మీద తెర నిండా ఎర్రటి అక్షరాలు వచ్చాయి: "ఈ ఫారం చెల్లదు. తొలగించబడింది."

అందరికంటే ముందు సారే నవ్వారు. పిల్లాడిలా, భుజాలు ఊగేలా నవ్వారు. తర్వాత తలుపు పట్టుకుని లేచి, ప్యాంటు దులుపుకున్నారు.

"ఎంతసేపు పట్టింది?"

"నాలుగు నిమిషాలు సార్," అన్నాడు అన్న.

"ఈ నాలుగు నిమిషాలల్ల నేను నిన్ను ఒక్క మాటన్న అడిగిన్నా?"

"లేదు సార్."

"అడగనిచ్చినవా?"

అన్న చేతిలోని ఫారం వంక చూశాడు. సార్ తన గుడ్డ సంచిలోంచి ఒక కవరు తీసి ల్యాప్‌టాప్ పక్కన పెట్టారు. "నీ ఉత్తరం. పొద్దుగాలనే రాసిన, ఆలస్యమైంది, ఏమనుకోకు. పదున్రి, టీ చల్లారిపోతది." అంతే, అందరినీ తీసుకుని వెళ్లిపోయారు. ఆ గురువారం టీలు కూడా సారే పోయించారు.

కవరు అంటించి లేదు. అన్న చదువుకున్నాడు. చదివి నా చేతికిచ్చాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఇంత కష్టపడే విద్యార్థి తనకు దొరకలేదని, అంకెలతో పని చేయడంలో తనకే గురువయ్యాడని, ఇతన్ని తీసుకుంటే మీ సంస్థకే మేలని రాశారు. ఎక్కడా వంకర మాట లేదు. ఒక్క షరతు లేదు.

"తిట్టి రాసినా బాగుండు," అన్నాడు అన్న. "కోపమన్న తెచ్చుకుందును."

శుక్రవారమంతా అన్న గది తలుపు తెరవలేదు. మధ్యాహ్నం నేను వెళ్లి తలుపు కొడితే లోపల నేలంతా ఫారాలు. మంచం కింద అట్టపెట్టెలో పడేసిన ఆ రెండు వందల పద్నాలుగూ బయటికి తీసి ఊళ్ల వారీగా పేర్చుకున్నాడు. నన్ను చూసి, "సారీ బాలమణీ, నిన్న అట్ల అనకుండా ఉండాల్సింది" అన్నాడు. అన్న అంత సూటిగా తప్పు ఒప్పుకోవడం నాకు కొత్త. ఏమనాలో తెలియక, అన్నం తిన్నవా అన్నాను. తినలేదు.

అన్న ఆలోచన నాకు చెప్పాడు. అధ్యాయం మార్చే టైం లేదు. కానీ అన్నిటికంటే దగ్గరున్న ఊరు బొమ్మరాసికుంట, గంటన్నర ప్రయాణం. అక్కడివి మూడు ఫారాలున్నాయి. శనివారం మొదటి బస్సుకు వెళ్లి ఆ ముగ్గురినీ మళ్లీ అడుగుతాడు. పన్నెండున్నర బస్సుకు బయల్దేరితే రెండింటికి క్యాంపస్‌లో ఉంటాడు. అధ్యాయం అడుగున ఒక పేరా చేరుస్తాడు: తొలగించిన ఫారాలను మళ్లీ పరిశీలించడమైనది. మూడున్నరకు ఆఫీసులో ఇచ్చేస్తాడు. "తప్పు దిద్దుకున్నట్టు ఉంటది, దరఖాస్తూ ఆగది," అన్నాడు. నాకూ బాగానే ఉందనిపించింది.

ఇక్కడి నుంచి అన్న నాకు చెప్పినదే.

బొమ్మరాసికుంటలో మొదటి రెండు ఇళ్లకు తాళాలు. కూలికి వెళ్లారట, ఎప్పుడొస్తారో తెలియదట. వాళ్ల కోసం ఊరంతా తిరిగేసరికి పదకొండు దాటింది. మూడో ఇంటి ఫారం మీదా నంబరు మాత్రమే ఉంది, పేరు లేదు. పేర్లు రాసుకోకూడదన్నది సర్వే నియమం, అన్న దాన్ని పద్ధతిగా పాటించాడు. ఆ ఇంటి ముందు అరుగు మీద అరవై దాటిన ఒకామె చింతపండు కొడుతోంది. ఒక పక్క గింజలు, ఒక పక్క పండు.

అన్న నోరు తెరవకముందే ఆమె అంది, "నువ్వు పోయినేడు వచ్చిన పిలగానివి గాదు? నీలం అంగీ ఏసుకొని వచ్చినవ్."

అన్నకు ఆమె గుర్తు లేదు. పన్నెండు వందల మందిలో ఒకరు.

"కూసోమంటే టైం లేదన్నవ్. నిలవడే అడిగి నిలవడే పోయినవ్. ఇప్పుడన్న ఉన్నదా టైం?"

"ఉన్నది పెద్దమ్మా," అని అన్న అరుగు మీద కూర్చున్నాడు. సంచిలోంచి ఫారం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆ కాయిదం ఆడ పెట్టు. నీ పేరేంది?"

"శ్రీశైలం."

"ఏ ఊరు?"

చెప్పాడు. ఆ ఊరి పక్క ఊళ్లో ఆమె మేనత్తను ఇచ్చారట. ఫలానా వాళ్లు తెలుసా, ఫలానా వాళ్లు తెలుసా అని అడిగింది. కొందరు తెలుసు, కొందరు తెలియదు. చింతపండు కొట్టే చెయ్యి మాత్రం ఆగడం లేదు.

"పోయినేడు నేను చెప్పింది ఎవ్వరికిచ్చినవ్?"

"ఎవ్వరికియ్యలే పెద్దమ్మా. నా దగ్గరనే ఉన్నది."

"సర్కారుకియ్యలే?"

"లేదు. నా సదువు కోసమే."

ఆమె అన్న మొహం వంక కాసేపు చూసింది. "నీకంటె ముందొకసారి ఎవరో వచ్చిన్రు. నీ లెక్కనే కాయిదం పట్టుకొని నిలవడ్డరు. సర్పంచు పేరేందంటే చెప్పిన. ఓటేసినవా అంటే ఏసిన అన్న. కొడుకులేడున్నరు, భూమెంత, నేనూ మా తోటికోడలూ అన్నీ చెప్పినం. రెండు నెలలకు మా తోటికోడలి పింఛను ఆగింది. ఎవరు ఆపిన్రో, ఎందుకు ఆపిన్రో ఒక్కలు చెప్పరు. అప్పటిసంది ఎవరడిగినా తెల్వదనే అంటున్న. నేనొక్కదాన్నే గాదు, ఈ వాడల ఆడోళ్లమందరం గట్లనే అనుకున్నం."

"మళ్ల పింఛను?"

"తెచ్చుకున్నం. మండలాఫీసుకు పద్నాలుగు మాట్ల పోయినం. పద్నాలుగోసారి ఇరవై మందిమి పోయి తలుపు కాడ కూసున్నం."

అరుగు మీద పెట్టిన ఫారం మళ్లీ అన్న చేతిలోకి వచ్చింది. "ఇరవై మందీ ఎట్ల కూడిన్రు పెద్దమ్మా? ఎవరు ముందు..."

"ఆగు. నాదింక కాలే."

అన్న ఫారం పక్కన పెట్టాడు.

అప్పుడే బడి దగ్గర బస్సు వచ్చి ఆగింది. పన్నెండున్నర బస్సు. ఆ ఊళ్లో పది నిమిషాలు నిలబడుతుంది. దాని తర్వాత నాలుగింటి దాకా ఇంకోటి లేదు. అన్న లేవబోతుంటే ఫోను మోగింది. గౌస్ సార్.

"శ్రీశైలం, నీ దరఖాస్తింక రాలేదని ఆఫీసుల అడుగుతున్నరు. ఏడున్నవ్?"

"బొమ్మరాసికుంటల సార్."

"ఏం జేస్తున్నవ్ ఆడ?"

"ఒక పెద్దమ్మ దగ్గర కూసున్న సార్. ఆమె నన్ను అడుగుతున్నది."

"బస్సు?"

"వచ్చి నిలబడ్డది సార్."

అన్న చెప్పినదాన్ని బట్టి, ఆ క్షణం సార్ "ఎక్కు, వచ్చెయ్యి" అంటారేమో అనుకున్నాడట. అనాలనీ, అనకూడదనీ రెండూ కోరుకున్నాడట.

"ఆమె అడిగేది అయిపోయిందా?" అన్నారు సార్.

"కాలేదు సార్."

"మరి నాతోని మాట్లాడుతవేంది?"

ఫోను పెట్టేశారు.

బస్సు రెండుసార్లు హారను కొట్టింది. ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకుంటూ ఎక్కారు. ఆ తర్వాత దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. ఆ ఏడు మా విభాగం నుంచి ఢిల్లీకి ఎవరి పేరూ వెళ్లలేదు.

"నీ బస్సు పోయింది గద," అంది ఆమె.

"పోనియ్యి పెద్దమ్మా."

ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అన్న తాగాడు. మళ్లీ చింతపండు ముందు కూర్చుంది.

"అమ్మ నాయిన ఏం జేస్తరు?"

"నాయిన లేడు. ఇద్దరు ముంబైకి కూలికి పోతుండె. అమ్మ ఇప్పుడు ఊర్లనే ఉంటది."

"ఇంత సదువు సదివినవ్. నువ్వేం సదువుతున్నవో అమ్మకెరికేనా?"

"అమ్మకు గిదంత తెల్వదు పెద్దమ్మా."

చింతపండు కొట్టే చెయ్యి ఆగింది.

"తెల్వదని ఆమె చెప్పిందా? నువ్వే అంటున్నవా?"

వీధిలో ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. అవి దాటిపోయేదాకా అన్న వాటి వంకే చూశాడు.

ఆమె గింజలన్నీ ఒక పక్కకు ఊడ్చి, చేతులు కొంగుకు తుడుచుకుని, అన్న వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

"నాదైపోయింది. ఇగ నువ్వడుగు."

అన్న ఫారం తీశాడు. మొదటి ప్రశ్న చూశాడు. రెండోది చూశాడు. కాగితం తిప్పి చూశాడు. తర్వాత నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఏమడగాల్నో నువ్వే చెప్పు పెద్దమ్మా," అన్నాడు.